రెండు మాటల కృతజ్ఞత

“మా చేతుల్లో పని లాగేసుకుంది మీరే. దారిన పోయేవాళ్ళెవరో కాదు, ఈ వేదిక మీద కూర్చున్న మీరే.”

టైలరమ్మ మైకును కత్తెర పట్టుకున్నట్టు పట్టుకుంది. హాల్లో కాఫీ కప్పులు నోటిదాకా వెళ్ళి ఆగిపోయాయి. సామాజిక ఆర్థికాభివృద్ధి నిపుణుల మహాసభ అది. మెడల్లో కార్డులు వేలాడేసుకుని, ఏసీ చలికి కోట్లు దగ్గరికి లాక్కుంటూ, పొద్దున్నుంచి తెర మీద బాణం గుర్తులు చూస్తున్నారు. పేదవాళ్ళు అన్న మాట గంటకోసారి వినిపిస్తోంది గానీ పేదవాళ్ళే కనిపించడం లేదు. ఆ లోటు పూడ్చడానికే టైలరమ్మను పిలిచారు.

ఈ సభలకొక ఆనవాయితీ ఉంది. భోజనాలకు ముందు లబ్ధిదారు ఒకరు వేదికెక్కాలి. రెండు మాటలు కృతజ్ఞత చెప్పాలి. చప్పట్లు కొట్టించుకుని, ఫొటో దిగి, దిగిపోవాలి. ఈ సభ జరుపుతున్న అభివృద్ధి సంస్థ ఆఫీసువాళ్ళ దృష్టిలో టైలరమ్మ వాళ్ళ కుట్టు సంఘం ఇంకా లబ్ధి పొందుతూనే ఉంది. ఏం లబ్ధి అని ఎవరూ అడగలేదు. అడిగితే పిలిచేవాళ్ళు కాదు.

కృతజ్ఞతలు మాత్రమే అమ్మా అని నిర్వాహకురాలు మొహంలో నవ్వు చెదరకుండా గొణిగింది. టైలరమ్మ ఆవిడ వైపు చూడనైనా చూడలేదు.

చివరి వరసలో ఆమె ఆడపడుచు బిస్కెట్లు నములుతోంది. లోపలికొస్తూనే హెచ్చరించింది కూడా: “వదినా, నువ్వు నోరు తెరిస్తే మనకి భోజనం పెట్టరు. నేనైతే ముందే కానిచ్చేస్తా.”

టైలరమ్మ చెప్పాల్సింది చెప్పింది. సంఘంలో అందరూ ఆడవాళ్ళే. ఆసుపత్రికి దుప్పట్లూ, రోగులకు గౌన్లూ కుట్టేవాళ్ళు. ఒకే కప్పు కింద వరసగా మిషన్లు. ఒకామె బట్ట కత్తిరిస్తే ఒకామె అంచు మడిచేది, ఇంకొకామె నాడాలు కుట్టేది. మరమ్మతులని చెప్పి సంస్థ ఆ షెడ్డు తాళం తీసుకుంది. అంతే, తాళం తిరిగి రాలేదు. మిషన్లు తలా ఒక ఇంటికి చేరాయి. ఒకటి మెట్ల కింద, ఒకటి ఉయ్యాల పక్కన, ఒకటి పొయ్యి పక్కన. ఒక ఇంట్లో కోసిన బట్ట ఇంకో ఇంటికి చేరేలోపు వానకు తడిసేది. అది తప్పించుకుంటే నూనె మరక అంటేది. ఆసుపత్రివాళ్ళు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. అందరూ ఒక్కచోట, శుభ్రంగా కూర్చుని కుడితేనే పని. ఈ వారం గడిస్తే పని వేరేవాళ్ళకి.

“పొద్దున్నుంచి మాకు పని నేర్పాలంటున్నారు,” అంది. “పని మాకొచ్చు. కూర్చోడానికి చోటు లేదు. ఉన్న చోటు మీరే పట్టుకుపోయి, ఇప్పుడు మా వెనకబాటుతనం మీద బొమ్మలు గీస్తున్నారు.”

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆడపడుచు అనుకుంటే పొరపాటే, ఆమె చేతిలో బిస్కెట్లున్నాయి. కొట్టింది ముందు వరసలో కోటు తొడుక్కున్న ఒక నిపుణురాలు. తర్వాత వరస వెంట వరస అందుకుంది.

సభ మొగ్గు పసిగట్టడంలో సంస్థ ఛైర్మన్ది అందె వేసిన చెయ్యి. పొద్దున ఈ కొత్త హాలు సమాజానికే అంకితమంటూ రిబ్బన్ని మొండి కత్తెరతో నమిలి నమిలి కోసింది ఆయనే. షెడ్డు పోయిందీ ఆయన సంతకంతోనే. ఏ షెడ్డో మాత్రం గుర్తులేదు. సంతకం పెట్టడం ఆయన పని, వెళ్ళి చూడటం కాదు. ఆ చప్పట్లు తన వైపు తిప్పుకోవాలని రెండో మైకు అందుకున్నాడు. ఒక ఆడకూతురి కన్నీళ్ళు తనను కదిలించాయన్నాడు. టైలరమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

“నీ షెడ్డు నీకిప్పిస్తాను చెల్లెమ్మా, సరేనా?”

“నాకొద్దు. సంఘానికివ్వండి.”

“సంఘానికే.”

“ఎప్పుడు?”

“త్వరలో.”

“మా ఇంటి క్యాలెండర్లో ఆ రోజు లేదు సార్.”

హాలు గొల్లుమంది. సంస్థ గుమాస్తా గబగబా వేదికెక్కి ఛైర్మన్ చెవి దగ్గరికి వంగాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. చప్పట్ల మధ్యలో చెవి కొరికేవాడంటే ఛైర్మన్‌కు ఒళ్ళు మంట. ఈగను తోలినట్టు తోలేశాడు.

“ఇవాళే ఇప్పిస్తాను,” అన్నాడు. “ఇంతమంది ముందు మాటిస్తున్నా. అందులో ఎవరున్నా సరే, ఎంత పెద్దవాళ్ళైనా సరే, బయటికి పంపించి తాళం నీ చేతిలో పెడతా.”

హాలంతా లేచి నిలబడింది. దీన్ని సభ తీర్మానంగా తీసుకోవాలని ఒక నిపుణుడన్నాడు. చేతులన్నీ లేచాయి. ఫొటోలో పడతానని నిర్వాహకురాలూ ఎత్తింది. గుమాస్తా ఒక్కడే ఎత్తలేదు. వేదిక అంచున కూలబడి తల పట్టుకున్నాడు.

ఆడపడుచు ఒళ్ళోని పొడి దులుపుకుని, వెళ్ళి అద్దాల తలుపులు బార్లా తెరిచింది. వరండాలో సంఘం ఆడవాళ్ళు ఎవరి మిషను వాళ్ళు మోసుకుని నిలబడి ఉన్నారు. ప్రదర్శన కోసం వచ్చారనుకుని నిపుణులు ఫోన్లు తీశారు.

ఛైర్మన్ హుషారుగా చొక్కా చేతులు మడిచాడు. “పద చెల్లెమ్మా, నేనే దగ్గరుండి ఇప్పిస్తా. ఎంత దూరం? కారు తెప్పించమంటావా?”

టైలరమ్మ హాలును ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి చూసింది. కారు అక్కర్లేదంది.

“మా షెడ్డు ఇదే, ఖాళీ చేయండి.”