లసానా అనేవాడెవడూ లేడు

"బాబూ, లసానా అనే కుర్రాడు ఉండేది ఈ బ్లాకులోనేనా?"

బెంచీ మీద కబుర్లాడుకుంటున్న నలుగురు కుర్రాళ్ళూ ఒక్కసారే నోళ్ళు మూసుకున్నారు.

అడిగినాయనకు యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో నారింజ పళ్ళ సంచీ. ఈ చుట్టుపక్కల ఎన్నడూ చూసిన మొహం కాదు.

గ్లిసీన్ కాలనీలో పిల్లలకు నడక కన్నా ముందు నేర్పే నీతి ఒకటుంది. ముక్కూ మొహం తెలియనివాడొచ్చి ఎవర్నైనా పేరు పెట్టి అడిగాడంటే వాడు మఫ్టీ పోలీసే. అడిగింది తోడబుట్టినవాడి గురించైనా సరే, తెలియదనే చెప్పాలి.

"లసానానా? వాడెవడు సార్?" అన్నాడు నలుగురిలోకీ పొడుగ్గా ఉన్నవాడు.

వాడే లసానా.

"మొన్న బంతి కోసం బడి గోడ దూకాం కదరా, దానికే వచ్చాడు," అని పక్కనున్న తియాగో చెవిలో గొణిగాడు.

"సినిమా వాళ్ళ మనిషేమోరా?"

"సినిమా వాళ్ళు చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటారా? నోర్మూసుకో."

పాపం, వాడి భయం వాడిది. వచ్చే సోమవారం నుంచి కాలనీలో సినిమా తీయబోతున్నారు. ఇక్కడి పదహారేళ్ళ పిల్లల ప్రేమ కథే. హీరోయిన్ ఈ మధ్యే ఎదురు బ్లాకులోకి కొత్తగా వచ్చిన నవాల్, హీరో లసానా. వీడు నవాల్‌ను ప్రేమిస్తున్న సంగతి కాలనీలో పావురాలకు కూడా తెలుసు. ఆమెతో చెప్పే ధైర్యమే లేదు మహానుభావుడికి. సినిమాలో అయితే చెప్పాలి, పైగా చెయ్యి కూడా పట్టుకోవాలి! నవాల్ వాళ్ళింట్లో సరే అనడమే తరువాయి. ఇలాంటప్పుడు పోలీసు కేసంటూ ఒకటి మెడకు చుట్టుకుంటే దర్శకురాలు ఊరుకుంటుందా? ఇంకొకణ్ణి తెచ్చి పెట్టదూ?

పెద్దాయన బెంచీ చివర కూర్చుని సంచీ తెరిచాడు.

"తినండి బాబూ."

"మాకు పడవు సార్."

నలుగురికీ నోరూరుతూనే ఉంది.

"రొట్టెల కొట్టావిడ ఈ బ్లాకే అని చెప్పిందే?"

ఇక తప్పదనుకున్నాడు లసానా.

"ఓ, ఆ లసానానా! వాడు ఊరొదిలి వెళ్ళిపోయాడు సార్. లియోన్‌లో పిన్ని దగ్గరికి."

"అరెరె, ఎప్పుడు?"

"పొద్దున్నే."

"ఏడుస్తూ వెళ్ళాడు సార్," అని తియాగో తాళం వేశాడు.

"ఏదైనా తప్పు చేశాడా?"

"వాడా! చీమకు కూడా దారిచ్చే రకం సార్. లిఫ్టు చెడిపోతే ముసలమ్మల సంచులన్నీ పదో అంతస్తు దాకా మోసేది వాడే."

తియాగోకు దగ్గు తెర వచ్చింది. సొంత తల్లి సంచీ అందుకోమంటే మాయమయ్యే ఘనుడు లసానా.

"మరి ఆడపిల్లల వెంట పడతాడా?"

ఈసారి లసానా నోట అబద్ధం చప్పున రాలేదు.

"వెంట పడడు సార్. ఒకే ఒక్క అమ్మాయి. ఆమె బస్సు దిగే వేళకి ఎదురుగా వెళ్ళి ఊరికే నిలబడతాడు. ఒక్క మాటా మాట్లాడడు. ఆమె క్షేమంగా మెట్లెక్కింది అనుకున్నాకే ఇంటికొస్తాడు."

మిగతా ముగ్గురూ నేల చూపులు చూశారు. ఇది నిజమని వాళ్ళకు తెలుసు.

పెద్దాయన వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"నువ్వు అతనికి ఏమవుతావు?"

"ప్రాణ స్నేహితుణ్ణి సార్."

"నీ పేరు?"

"నా పేరుతో ఏం పని సార్?"

పెద్దాయన గట్టిగా నవ్వేశాడు. లేచి, చొక్కా సర్దుకుని, చక్కా పోయాడు. పళ్ళ సంచీ బెంచీ మీదే ఉండిపోయింది.

ఆయన మలుపు తిరిగాడో లేదో నలుగురూ దాని మీద పడ్డారు.

"పోలీసోడి పళ్ళయినా భలే తియ్యగా ఉన్నాయిరా!"

"చూశారా, ఎలా సాగనంపానో!" అని లసానా ఛాతీ విరుచుకున్నాడు. "పాపం, మనిషి మంచోడేరా. ఆ ఉద్యోగం ఎందుకు చేస్తున్నాడో!"

అంతలో నవాల్ పరుగెత్తుకుంటూ వచ్చింది. రొప్పుతోంది.

"మా ఇంట్లో ఒప్పుకున్నారు!"

నలుగురూ గాల్లోకి లేచారు. తియాగో బెంచీ ఎక్కి చిందులు వేశాడు.

"ఆగండాగండి, లసానాతో కాదు," అంది నవాల్.

"మరెవరితో?" లసానా గొంతులో తొన అడ్డం పడింది.

"లసానా లియోన్ వెళ్ళిపోయాడటగా, పొద్దున్నే. ఏడుస్తూ."

తియాగో మెల్లగా బెంచీ దిగాడు.

"అందుకని ఆ వేషం వాడి స్నేహితుడికి ఇప్పించమన్నారు. బెంచీ దగ్గర ఎవరో పొడుగు కుర్రాడున్నాడట. బస్సు దగ్గర నిలబడేవాడి సంగతి కూడా వాడే చెప్పాడట."

అలా అంటూ తల దించుకుంది. మొహమంతా ఎర్రబడింది. లసానా మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నవాల్... ఎవరు చెప్పారివన్నీ?"

"'నన్ను పోలీసనుకున్నా స్నేహితుణ్ణి బయటపెట్టలేదు, అలాంటివాడు నా కూతురి చెయ్యి పట్టుకుంటే నాకేం బెంగ లేదు,' అని అక్కడ అమ్మతో చెప్పి పగలబడి నవ్వుతున్నాడు, రెండు నెలల తర్వాత నిన్ననే లారీ డ్యూటీ దిగి, ఈ కొత్తింటికి మొదటిసారి వచ్చి, ఇవాళ నీకోసం పళ్ళు పట్టుకుని వచ్చిన మా నాన్న!"