వంగిన ఊచ

"ఇదిగో, ఇందులోనూ వంకరే" అంది టైలరమ్మ, భూతద్దం మీంచి కళ్ళెత్తకుండా.

ఫొటో మాస్టారు మరో ఫొటో ఆమె ముందుకు జరిపాడు. స్టూడియో బల్ల మీద అరవై నాలుగు ఫొటోలు పరిచి ఉన్నాయి. ప్రతి ఫొటోలో ఒక కుటుంబం, వెనుక ఒక కొత్త ఇల్లు. మనుషులు అడ్డం ఉండగా ఆ ఇంట్లో కనిపించేది సగం తలుపు, ఒక కిటికీ. కిటికీకి మూడు ఊచలు. మధ్య ఊచ ఎడమకు వంగి ఉంది, అన్ని ఫొటోల్లోనూ.

ఎనిమిదేళ్ళ కిందట టైలరమ్మ ఉండే పేటలో అరవై నాలుగు కుటుంబాలకు ఇళ్ళు కట్టిస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. దరఖాస్తుకు కావాలంటూ అందరినీ ఒక తెల్ల దుప్పటి ముందు నిలబెట్టి ఫొటోలు తీయించింది. తీసింది మాస్టారే. ఆ తరువాత ఉలుకూ పలుకూ లేదు. ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటే, మీకు ఇళ్ళు ఎప్పుడో అందాయంటూ ఇళ్ళ శాఖవారు ఈ ఫొటోలు బయటికి తీశారు.

టైలరమ్మ అర్జీ రాసింది. విచారణకు ఒక అధికారి వచ్చాడు. ఇవన్నీ ఒకే ఇల్లని ఆమె వాదించింది. ఒకే నమూనాలో కట్టిన ఇళ్ళు ఒకేలా ఉండక ఎలా ఉంటాయని శాఖ ఇంజనీరు అడిగాడు.

"ఊచ వంకర కూడా నమూనాలో గీశారా బాబూ?" అని ఆమె అంటే హాలంతా నవ్వింది.

అధికారి మాత్రం నవ్వలేదు. "కాగితం మీది వంకర సాక్ష్యం కాదమ్మా. ఆ కిటికీ నాకు చూపించండి" అన్నాడు.

రేపు ఉదయం పది గంటలు గడువు. చూపించలేకపోతే అరవై నాలుగు కుటుంబాలూ ఇల్లు అందినవిగా ఖాయమవుతాయి. ఇక ఏ జాబితాలోనూ వాళ్ళ పేర్లు ఎక్కవు.

మూడు నెలలుగా ఆమె కుట్టుపని ముగించుకుని సాయంత్రాలు వీధివీధీ తిరుగుతోంది. తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది; ఇవాళ పని మానుకుని పగలే వచ్చింది. తెల్ల దుప్పటి ముందున్న మనుషులను కత్తిరించి ఆ ఇంటి ముందు అతికించింది తానేనని మాస్టారు మొదటి రోజే ఒప్పుకున్నాడు. ఇంటి బొమ్మ శాఖవాళ్ళిచ్చారని, చోటు తనకు తెలియదని చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త నిద్ర పట్టేదేమో.

"మా మరిదిని చూడండి" అంది ఇప్పుడు, ఒక ఫొటో ముందుకు తోసి. "కాళ్ళు నేలకు ఆనలేదు. గృహప్రవేశానికి గాల్లో తేలుతూ వచ్చినట్టున్నాడు."

"ఆ రోజు తొందరలో చేశానమ్మా. తప్పే."

"మీరేం చేస్తారు, చెయ్యమన్నది వాళ్ళు." మరో ఫొటో తీసింది. "ఈ ముసలావిడ గుర్తుందా? మొన్న వేసవిలో పోయింది. అద్దె గదిలోనే పోయింది. కాగితాల్లో మాత్రం సొంతింట్లో పోయినట్టు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

లోపలి గదిలోంచి అతని భార్య మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు టైలరమ్మకిస్తూ భర్త వైపు ఒకసారి చూసింది.

"రేపటితో తేలిపోతుందిగా. ఇంక ఈ తిరుగుడు మానుకో వదినా, మోకాళ్ళు అరిగిపోతాయి" అంది.

"తేలేదేముంది వదినా, మునిగేదే. మీకైతే సొంత గూడుంది. ముందు కొట్టు, వెనక కాపురం. బేరాల్లేవంటారు గానీ బయట ఆ బోర్డు చూస్తే సినిమా హాలనుకుంటారు. గోడంతా అదే."

పట్టపగలే వెలుగుతున్న ట్యూబులైటు సన్నగా గుయ్‌మంటోంది.

టైలరమ్మ ఫొటోలు పోగుచేసి సంచిలో పెట్టుకుంది. వాకిలి దాకా వెళ్ళి, అలవాటుగా గుమ్మం పక్క గోడకు ఫొటోల కోసం వేలాడదీసిన తెర వైపు చూసింది. దాని మీద రంగు కొండలు, ఒక సరస్సు. ఒక కొండ కింద జానెడు చిరుగు.

"ఆ తెర ఇప్పుడన్నా విప్పి ఇవ్వండి మాస్టారూ. కుట్టి తెస్తాను. ఎన్నిసార్లడిగినా ఉండనివ్వమంటారు. చిరుగు చూస్తే నా చెయ్యి ఊరుకోదు."

"ఇంకోసారి చూద్దాంలే" అంది భార్య, చప్పున.

"రేపటి తరవాత నేనిటు రాకపోవచ్చు వదినా. పేటలో వాళ్ళకి మొహం చూపించలేను. సంతకాలు పెట్టండి, ఇళ్ళొస్తాయి అని గడపగడపకీ తిరిగిందాన్ని నేనే. వాళ్ళని తెల్ల దుప్పటి ముందుకి లాక్కెళ్ళిందీ నేనే. మీరు అతికించారంతే."

మాస్టారు నేలను చూశాడు. ఎనిమిదేళ్ళుగా తుడిచి తుడిచి నునుపెక్కిన నేల. తరువాత స్టూలు లాగి గోడ దగ్గర వేసుకున్నాడు.

"ఏవండీ" అంది భార్య. "శాఖవాళ్ళు ఇచ్చిన గూడు వాళ్ళే లాగేసుకుంటే మనం ఎక్కడికి పోతాం?"

"పేటవాళ్ళు ఎక్కడున్నారో అక్కడికే" అన్నాడతను.

స్టూలెక్కాడు. ముడి త్వరగానే ఊడింది.

"తీసుకెళ్ళి కుట్టండమ్మా. ఇంక దీంతో నాకు పని లేదు."

కొండలూ సరస్సూ మడతలుగా నేల మీదికి జారాయి; వాటి వెనుక, బయటి బోర్డు మూసేసిన కిటికీలో, అరవై నాలుగు ఫొటోల్లో ఎడమకు వంగిన మధ్య ఊచ లోపలి నుంచి చూస్తున్న టైలరమ్మకు కుడికి వంగి కనిపించింది.