సగం కోడి

బరదా నది పొంగి తోళ్ల బజారులో మోకాలి లోతు నీళ్లు నిలిచిన ఏడు అది. దమస్కు ఆసుపత్రిలో హకీం బద్రాన్ పళ్లెం వంక చూశాడు. తర్వాత కుర్రాడి వంక చూశాడు.

"మళ్లీ సగమే తిన్నావేంరా?"

"కడుపు నిండిపోయిందండీ."

హిలాల్‌కు పదేళ్లుంటాయి. వాడి కడుపేమీ నిండలేదు. మిగిలిన సగం కోడి కంట పడకుండా గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

ఆ ఆసుపత్రిలో ఒకటే గుర్తు. రోగి ఒక రొట్టె, ఒక చిన్న కోడి ఒక్క పూటలో తినేస్తే జబ్బు నయమైనట్టు. మర్నాడే కొత్త చొక్కా తొడిగి బయటికి పంపేస్తారు.

"జ్వరం పోయి పది రోజులైంది. నాలుక బాగుంది, నాడి బాగుంది. మరి ఈ కోడి ఏం పాపం చేసింది?"

"సయించడం లేదు."

"సరే. రేపు కూడా మిగిల్చావంటే గిన్నెడు చేదు కషాయం తాగిస్తా. దానికంటే కోడే నయమని నీకే తెలుస్తుంది."

హకీం పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. పళ్లెం తీయడానికి ముసలి ఫరజ్ వచ్చాడు.

"తాతా, అవతల మా చెల్లి ఎలా ఉంది?"

ఆడవాళ్ల గది గోడకు అవతల. మగపిల్లలను అటు రానివ్వరు. సిలువ గుర్తుల ఫ్రాంకు సైన్యం వస్తోందని అస్కలాన్ ఊరు ఊరంతా లేచి వచ్చినప్పుడు, ఆ గుంపులో వీడికి మిగిలింది ఏడేళ్ల జుమానా ఒక్కతే. ఈ ఊరు చేరాక ఇద్దరూ స్నానశాల వెనక వెచ్చటి బూడిద మీద పడుకునేవారు. ఇద్దరికీ ఒకేసారి జ్వరం తగిలితే ఎవరో పుణ్యాత్ముడు గాడిద మీద వేసుకొచ్చి ఇక్కడ దింపాడు.

"ఏం చెప్పమంటావురా. ఇంకా సరిగ్గా తినడం లేదంట. సగం తిని పక్కకి నెట్టేస్తోందంట."

"నిన్నా అదే చెప్పావు."

"నిన్నా అదే జరిగింది మరి. అబద్ధం చెప్పమంటావా?"

"నన్ను ముందు పంపేస్తే దాన్నేం చేస్తారు?"

"నయమయ్యాక ఎవరూ రాకపోతే, ఏ ఇంట్లోనో పనికి పెడతారు. ఏ ఇల్లో నన్నడక్కు. ఈ ఊళ్లో ఇళ్లు తక్కువా?"

ఈ పది రోజులూ హిలాల్‌కు, చెల్లి కంటే ముందే తనను పంపేస్తారన్న భయం ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండోది పట్టుకుంది. బూడిద కుప్ప మీద తిండి మానేసిన పిల్లలను వాడు చూశాడు. వాళ్లు తర్వాత ఏమయ్యారో కూడా చూశాడు.

మర్నాడు పొద్దున్న కోడి వచ్చింది. హకీం ఇంకా రాలేదు. హిలాల్ కోడిని మొత్తంగా చొక్కాలో దోపుకున్నాడు. వేడికి ఛాతీ చురుక్కుమన్నా ఆగకుండా ఆడవాళ్ల గదికి నడిచాడు. గుమ్మంలో దాది అడ్డం నిలబడింది.

"ఎక్కడికి?"

"మా చెల్లికి నేనే తినిపిస్తా."

"మగాళ్లు రాకూడదు, పో."

"నేను మగాణ్ణి కాదు, పిల్లాణ్ణి."

"మీసాలొస్తున్నాయని ఫరజ్‌తో గొప్పలు పోయావంట?"

"అవి రావడానికి ఇంకా సమయముంది," అంటూ ఆమె చేతి కింద నుంచి దూరిపోయాడు.

మంచానికి అతుక్కుపోయిన పిల్ల కోసం వెతికాడు వాడు. చివరి మంచం మీద జుమానా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక ముసలమ్మకు జడ అల్లుతోంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. హిలాల్ అక్కడే నేల మీద చతికిలపడ్డాడు. పది రోజుల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"తిండి తినడం లేదన్నారే?" అన్నాడు చివరికి.

జుమానా జడ వదిలేసి మంచం దిగింది. అన్న మొహం, చేతులు తడిమి చూసింది. తర్వాత వీపు మీద ఒకటి చరిచింది.

"నువ్వే తినడం లేదని రోజూ చెప్తున్నారు. నేను మొత్తం తినేస్తే నన్ను ముందు పంపేస్తారు కదా, అందుకే నువ్వు తినే దాకా సగం వదిలేస్తున్నా."