తార్నాకలో చేప మందు

"గివి మింగొచ్చునా, అల్లుడా?"

గాజు తొట్టికి ముక్కు ఆనించి సాలమ్మ అడిగింది. ముఖేష్ చేతిలో చాయ్ కప్పు అట్లాగే ఆగిపోయింది.

"మింగుడేంది, అత్తమ్మా?"

"చేప మందుల ఏసే కొర్రమీను పిల్ల గిట్లనే ఉంటది. ఈయేడు వానల పోనీకి కాలే గద, యాదికొచ్చింది." పిల్లిలా కూస్తున్న గుండెను రుద్దుకుంటూ వెళ్ళి మంచం మీద కూర్చుంది.

సాలమ్మ ముఖేష్ భార్య రజినికి పెద్దమ్మ. తల్లి లేని రజినిని సాకింది ఆమే. ఏటా మృగశిర కార్తెకు ఊరి నుంచి దిగి, ఆయాసం పోవాలని నోట్లో మందు పెట్టిన చేపపిల్లను బతికుండగానే మింగి పోవడం ఆమెకు అలవాటు.

తొట్టిలో ఉన్నవి మాత్రం కొర్రమీనులు కావు, కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి పిల్లలు. క్యాంపస్‌లో జువాలజీ ల్యాబుకు రిపేర్లు నడుస్తుంటే, రజిని విశాఖ నుంచి తెచ్చిన గుడ్లను ఇంట్లోనే ఉప్పునీళ్ళలో పెట్టింది. నల్లద్రాక్ష గుత్తిలా ఉండే ఆ గుడ్లలోంచి శనగగింజంతేసి పిల్లలు బయటికొచ్చిన రోజున ఆమె ఏడ్చేసింది. ఇదివరకు రెండుసార్లు అన్నీ చచ్చాయి. ఈసారీ పోతే పీహెచ్‌డీ మాట మరిచిపోవాల్సిందే.

ఆమె సెమినార్‌కని విశాఖ వెళ్తూ వెళ్తూ చెప్పిన జాగ్రత్తలు అన్నీఇన్నీ కావు. "నిన్ననే అడుగున ఇసుక పోసిన, దాన్ని కదపకు. రోజూ బతికున్న రొయ్యలే వెయ్యాలె. తొందరపడి ఏం చెయ్యకు, ఇవి ఉత్త వేషగాళ్ళు."

పెద్దమ్మ చేతిలో ఆయాసానికి పీల్చే మందు పెట్టింది. "ఛీ, గది అలవాటైతే ఇడువది" అని సాలమ్మ అల్లుడి ముందే దాన్ని పక్కకు నెట్టేసింది.

ముఖేష్ యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేస్తాడు. హాల్లో స్లిప్పులు పట్టడంలో అతనికి పేరుంది. తప్పు చేసినవాడు ముందు చూపు తిప్పుకుంటాడని అతని సిద్ధాంతం. ఆ చూపుల కోసం వెతికే అలవాటు వల్ల, అనుమానం ఇంటిదాకా అతని వెంట రావడం మొదలుపెట్టింది.

రజిని వెళ్ళిన మర్నాడు తొట్టిలో సగం పిల్లలే కనిపించాయి. ఆ తర్వాత నాలుగైదు. మూత మూసినట్టే ఉంది. పంపు వెనక చూశాడు, నేలంతా వెతికాడు, ఒక్క కళేబరం కూడా దొరకలేదు.

వంటింట్లో చాయ్ వడగట్టే జాలి తడిగా, ఉప్పగా తగిలింది.

"ఇదేంది, అత్తమ్మా?"

"సచ్చిన రొయ్య తేలితే తీసిన. మేత నేనేస్తున్న గద, నువ్వు ఆఫీసుకు పో. మంచిగ తింటున్నయి."

'నాలుగైదు మిగిలితే మంచిగ తింటున్నయట!' ముఖేష్ పళ్ళు నూరుకున్నాడు.

ఆ సాయంత్రం చప్పుడు చేయకుండా తలుపు తీశాడు. తొట్టి పక్కన నిలబడి సాలమ్మ తల వెనక్కి వంచి ఉంది. పిడికిలి నోటి దగ్గరుంది. అల్లుణ్ణి చూడగానే ఆ పిడికిలి కొంగు కిందికి పోయింది. అంతకంటే ఘోరం, ఆమె గుండెలో కూత వినిపించడం లేదు.

అంతలో రజిని ఫోన్ చేసింది. "పిల్లలెట్లున్నయి?"

"మస్తున్నయి. అన్నీ కనబడుతున్నయి" అన్నాడు. నిజం చెప్పే ధైర్యం లేదు.

"అన్నీ కనబడుతున్నయా? ఆశ్చర్యమే!" అని, "పెద్దమ్మకు దమ్ము ఎట్లున్నది?" అనడిగింది.

"ఆయాసమా? తగ్గింది."

"ఎందుకు తగ్గిందో నాకెరుకలే" అంటూ నవ్వి పెట్టేసింది. ఆ నవ్వు ముఖేష్‌కు నచ్చలేదు. పాపం పిచ్చిది, పెద్దమ్మ దేవతనుకుంటోంది.

రజిని రేపు వస్తుందనగా తొట్టి పూర్తిగా ఖాళీ అయింది. నీళ్ళు, ఇసుక, బుడగలు. ముఖేష్ సాలమ్మ మంచం దగ్గరికి వెళ్ళాడు.

"అత్తమ్మా, నిజం చెప్పండి. ఎన్ని మింగిన్రు?"

సాలమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. "ఏమన్నవ్?"

"ఆయాసం ఉత్తగనే తగ్గిందా? నిన్న కొంగు కింద ఏం దాచిన్రు?"

సాలమ్మ చూపు తిప్పుకుంది. ముఖేష్‌కు అది చాలు.

"ఒక్క పిల్లనన్న మిగిల్చినా బాగుండు గద! రజిని బతుకు ఆగం చేసిన్రు!"

"రజినిని ఈ చేతుల మీద సాకిన" అంది సాలమ్మ. "అది సాకే పిల్లల్ని నేను మింగుతనా, అల్లుడా?"

అతను ఖాళీ తొట్టి వైపు వేలు చూపించాడు. ఆమె సంచి సర్దుకుంది. మల్కాజ్‌గిరిలో చెల్లెలింటికి పోతానంది. గడప దాటి, ఒక్కసారి ఆగింది.

"మాపటి మేత నువ్వే ఎయ్యి. ఇంక నేనీ గడప తొక్క."

ఆటో కదిలాక ముఖేష్ ఫోన్ తీసి టైపు చేశాడు: 'మీ పెద్దమ్మ నీ పిల్లల్ని చేప మందు లెక్క మింగింది. ఒక్కటి మిగల్లే. ఇంట్లకెల్లి బయటికి పంపించిన.'

నీలం టిక్కులు పడ్డాయి. వెంటనే ఫోన్ మోగింది. ఏడుపు వినే ధైర్యం లేక ఎత్తలేదు.

బకెట్లో రొయ్యలు గిలగిలలాడుతున్నాయి. తినే నోళ్ళే లేనప్పుడు ఇవెందుకని మొత్తం తొట్టిలో కుమ్మరించాడు. అవి మెల్లగా ఈదుతూ అడుగుకు దిగాయి.

ఇసుక కళ్ళు తెరిచింది.