తెల్ల కాగితం మీద చుక్క

“ఈ పురుగుని మన ఆఫీసులోకి ఎవరు మోసుకొచ్చారో ఇవాళ తేలిపోవాలి,” అన్నాడు మేనేజరు.

ఆ మాట తననే అన్నాడని మొక్కలావిడకి తెలుసు. ఆ అంతస్తులో మొక్కల్ని రోజూ ముట్టుకునేది ఆమె ఒక్కతే మరి. ముందు హాల్లో చైర్మన్ గారు ముచ్చటపడి తెప్పించిన పామ్ మొక్క మూడు వారాలుగా కళ తప్పుతోంది. ఆకుల మీద సన్నటి పసుపు మచ్చలు, మధ్యలో బూజు లాంటి దారాలు. నిన్న ఆమే ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టి చూసింది. రాలిన దుమ్ము కాస్తా నడవడం మొదలుపెట్టింది. ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి! పరుగున వెళ్లి మేనేజరుకి చెప్పింది. చెప్పకపోయుంటే బాగుండేది.

ఇప్పుడు ఆ మొక్కకి నిలువెల్లా ప్లాస్టిక్ సంచి తొడిగేశారు. మొక్కలావిడ మేనేజరు గదిలో నిలబడి ఉంది. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మొక్కల డాక్టరు బూడిదరంగు కోటు సర్దుకుంటూ లోపలికొచ్చాడు. నెలకోసారి వచ్చి, ఆకుల్లోకి భుజాల దాకా దూరి చూసి, “భేష్” అని వెళ్లిపోయే మనిషి.

“పొద్దున్నించీ ఇది ఐదో ఆఫీసండీ. ఎక్కడ చూసినా ఎర్రనల్లే!” అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

“మొక్కని చూస్తారా?” అన్నాడు మేనేజరు.

“మొక్కెక్కడికి పోతుంది? ముందు మనిషిని చూద్దాం. నల్లి దానంతటది మెట్లెక్కి రాదుగా! ఏమ్మా, నీ సామాన్లు ఇలా పట్టుకురా.”

ఆకులు తుడిచే గుడ్డ, నీళ్లు కొట్టే సీసా, ఏప్రను తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరు తెల్ల కాగితం పరిచి గుడ్డ దులిపాడు. ఆమె కళ్లు కాగితం మీదే ఉన్నాయి. మొన్న మంగళవారం ఆ గుడ్డ ఉతికిందా? ఉతికిందనే గుర్తు. భయంలో అదీ గట్టిగా చెప్పుకోలేకపోయింది.

డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు. ఏమీ లేదు. ఏప్రను దులిపితే నాలుగు రేణువులు రాలాయి.

“బిస్కెట్ పొడి,” అన్నాడు డాక్టరు విసుగ్గా. “అయినా కనపడనంత మాత్రాన లేనట్టు కాదండీ. చేతుల మీద వచ్చుంటుంది. రిపోర్టు రాసిచ్చేస్తాను, మీరు వేరే మనిషిని చూసుకోండి.”

“అయ్యా, రోజూ సబ్బుతో చేతులు కడుక్కునే ముట్టుకుంటానండీ...” అంది.

ఆయన వినిపించుకుంటేగా! కొత్త కాగితం తీసి, మోచెయ్యి ఆన్చి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: ‘కారణం, పనిమనిషి అశుభ్రత’.

సంతకం పెట్టడానికి వంగిన మేనేజరు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆ వాక్యం చివర, డాక్టరు పెట్టని చుక్క ఒకటి మెల్లిగా కదిలి అక్షరాల మీదుగా నడుచుకుంటూ పోతోంది. దాని వెనకే, కోటు చేతి అంచు నుంచి మరో రెండు దిగాయి.

మొక్కలావిడ కాగితం మీంచి కళ్లు తీసి కోటు వైపు చూసింది.

“డాక్టరు గారూ, పోయిన నెల మా మొక్కలోకి దూరినప్పుడు కూడా ఈ కోటే కదండీ వేసుకున్నారు?”