మామగారి రివ్యూ

పెళ్లయిన నాటి నుంచి మామగారు నాతో మాట్లాడింది లేదు. నా కర్మకొద్దీ, కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపించే కెర్నెల్‌లో ప్రాసెసర్ డ్రైవర్‌కి నేను రాసే కోడ్‌ని రివ్యూ చేసేది మాత్రం ఆయనే.

“నిద్రపోతున్న ప్రాసెసర్ కోర్‌ని లేపి, అది లేచిందో లేదో చూడకుండానే పని అప్పగించారు. మీ ఇంట్లో ఇలాగే లేపుతారా?” అని లోకమంతా చదివే చోట రాశారు.

ఒళ్లు మండి, ఆదివారమంతా కూర్చుని దిద్దాను. “ఈసారి మీ నాన్నని వేలెత్తి చూపమను, చూద్దాం!” అన్నాను మా ఆవిడతో.

ఆమె ముఖం చిన్నబోయింది. “పొద్దున లేస్తూనే, మొహమైనా కడుక్కోకుండా, నీ కోడ్ వచ్చిందా అని చూసుకుంటారట. అమ్మ చెప్పింది. తప్పుల్లేకుండా పంపితే ఇంక నీతో ఏం మాట్లాడతారు, పాపం?”

కోర్ లేచిందో లేదో చూసే లైను తీసేసి పంపాను.

నిమిషంలో జవాబొచ్చింది: “మళ్లీ అదే తప్పా? నీకు బుద్ధుందా, అల్లుడూ?”