బూజుకు చదువు చెప్పినవాడు

"వాటి మీద ఊపిరి వదలకండి సార్," అంది ల్యాబులో అందరూ అక్కా అని పిలిచే టెక్నీషియను.

సైంటిస్టు వినిపించుకోలేదు. రెండు చేతులతో రెండు గాజు ప్లేట్ల మూతలూ ఒకేసారి ఎత్తి, పొదిగిన గుడ్లను చూసుకునే కోడిపెట్టలా వంగి చూస్తున్నాడు. మూడు రోజులైనా రెండింట్లోనూ ఏమీ మొలవలేదు. ఉసూరుమంటూ మూతలు పెట్టేశాడు. వాటి మీద అతని దస్తూరీయే. ఒకదాని మీద 'చదివింది', రెండోదాని మీద 'నాటుది'.

అక్క గొణుగుడికి అంతులేదు. చెప్పులు మార్చలేదనీ, చేతులు సరిగ్గా కడగలేదనీ, పేర్లు మూతల మీద రాశాడనీ. ఆవిడ తీరే అంత. తన చేతి మీదుగా పోయే ప్రతి వస్తువుకీ అడుగున పేరు రాయనిదే తోచదు, చివరికి అతని టీకప్పుకి కూడా.

ఆరేళ్ళ కిందట భార్య టమాటా కుండీలోని మట్టిలోంచి ఈ ప్లేట్లలోని బ్యాక్టీరియాను పట్టుకొచ్చాడు. దీని జన్యువులు మార్చి, పంటల్ని కుళ్ళబెట్టే బూజు మీదికి తోలాలని పథకం.

"నాటు సరుకు. చదువు చెప్పాలి," అన్నాడప్పుడు.

"చదవేస్తే ఉన్న మతి పోయిందట. దాని మానాన దాన్ని వదిలెయ్యండి," అంది భార్య.

వదల్లేదు. ఈ ఆరేళ్ళలో బూజు తగ్గలేదు గానీ అతని జుట్టు తగ్గింది. ఆ సంగతి అద్దం ముందు తనే చెప్పుకుని నవ్వుకునేవాడు. నాటుదాన్ని ఒక్కసారైనా పరీక్షించాలని మాత్రం తోచలేదు. ఇప్పుడు ల్యాబుకు డబ్బిచ్చే కమిటీ పెద్దాయన పట్టుబట్టాడు. రెండింటి మీదికీ బూజును వదిలి పక్కపక్కన పెట్టి చూపించాలి, చదివింది గెలిస్తే ఇంకో మూడేళ్ళు, లేకపోతే ల్యాబుకు తాళం. అంటే అక్క ఉద్యోగానికీ తాళమే.

వారం తిరిగింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ప్లేట్ల మీదికి వంగాడు. 'నాటుది' అన్న ప్లేటు నిండా నల్లని బూజు. 'చదివింది' అన్నదాంట్లో బ్యాక్టీరియా చుట్టూ గీత గీసినట్టు ఖాళీ, బూజు దాని దరిదాపులకు కూడా రాలేదు.

"చదువు చెప్పడమంటే ఇదయ్యా," అని పెద్దాయన సంతకం పెట్టేశాడు. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సైంటిస్టు భార్యకు ఫోన్ చేశాడు. "చూశావా, చదివిందే గెలిచింది. నీ కుండీది బూజు కింద పడి చచ్చింది."

"పోన్లెండి, ఆరేళ్ళకైనా మీ మాట నెగ్గింది," అంది ఆవిడ, నిజంగానే సంతోషంగా.

అందరూ వెళ్ళిపోయారు. అతను ఆనందం పట్టలేక గెలిచిన ప్లేటును చేతిలోకి తీసుకుని, వెలుతురుకేసి ఎత్తి తిరగేశాడు.

అడుగున అక్క గుండ్రని అక్షరాల్లో 'నాటుది' అని ఉంది.